గాలిమోటరు: నల్లగొండ, పాలమూరు ఆకాశము

నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాల పల్లెలలో విమానమునకు గాలిమోటరు అని పేరు. మోటరుబండి గాలిలో పోవుచున్నది కనుక గాలిమోటరు. ఇంతకంటె సూటియైన మాటను పండితులెవ్వరును కల్పింపజాలరు. అయితే ఈ మాటతో చరిత్ర వ్రాయువారికి ఒక చిక్కు ఉన్నది. టపాసంచులను మోయునదియు గాలిమోటరే, ఫిరంగులు ప్రేల్చునదియు గాలిమోటరే, కృష్ణ ఒడ్డున శిక్షణ పొందు విద్యార్థి నడుపు చిన్న విమానమును గాలిమోటరే. “మా తాత చెలకలో నాగలి దున్నుచుండగా గాలిమోటరు వచ్చెనట” అని ఒక వృద్ధుడు చెప్పినప్పుడు, వచ్చినది ఏ గాలిమోటరో తేల్చుకొననిదే ఆ మాట కథగానే ఉండిపోవును. తేల్చుకొన్నచో అది సాక్ష్యమగును.

పూర్వపు నల్లగొండ జిల్లా 2016లో మూడు జిల్లాలైనది. పూర్వపు మహబూబ్‌నగరు 2016లోను 2019లోను జరిగిన విభజనలతో అయిదైనది. ఈ వ్యాసమున మేము ఆ పాత పేర్లనే వాడుచున్నాము. ఈ సీమలో గుట్టలున్నవి, చెలకలున్నవి, చెరువులున్నవి. బేగంపేట వంటి విమానాశ్రయము మాత్రము లేదు. అందుచేత ఇక్కడివారి విమానానుభవము చాలవరకు మెడ పైకెత్తి చూచిన అనుభవమే. అట్లు చూచినదానిని పేరు పెట్టి చెప్పగలుగుట ఒక విద్య. ఆ విద్య ఎట్లు పుట్టినది, దాని వలన ఈ రెండు జిల్లాల చరిత్రకు ఏమి ఒనగూరునన్నదే మా ప్రస్తావన.

విమానమును గుర్తించు విద్య వినోదముగా పుట్టలేదు. ఇంగ్లండులో 1925లోనే పరిశీలకుల దళమొకటి ఏర్పడెను. రెండవ ప్రపంచయుద్ధమున గుమాస్తాలు, దుకాణదారులు, ఉపాధ్యాయులు పొలముల మధ్య కాపుండి, మేఘముల సందున కనిపించినది స్వపక్షపు విమానమో పరపక్షపు విమానమో క్షణములలో చెప్పవలసి వచ్చెను. చెప్పుటలో పొరపాటు పడినచో తమవారినే తాము కూల్చుకొందురు. ఈ దళమునకు 1941లో రాజబిరుదు లభించెను. అదే సంవత్సరము విమానములను గుర్తించుట నేర్పుటకై “ఏరోప్లేన్ స్పాటర్” అను పత్రిక వెలువడినది. నల్లని నీడబొమ్మలు చూపి పేరు చెప్పించుట, కొయ్యతో చేసిన చిన్న నమూనాను దారమునకు వ్రేలాడదీసి అన్ని వైపులనుండి చూపించుట అప్పటి పాఠములు. అమెరికాలో 1942లో బడిపిల్లలను అయిదులక్షల నమూనాలు చేసి ఇమ్మని ప్రభుత్వము కోరెను. అవన్నియు డెబ్బదిరెండవ వంతు కొలతలోనివే. ఆరడుగుల మనిషి ఆ కొలతలో ఒక అంగుళమగును. నేడు దుకాణములలో అమ్ముడగు ప్లాస్టిక్ విమానముల కొలతయు సాధారణముగా ఇదే. అందమైన ఆటవస్తువని మనము కొనుక్కొను దానికి ఇట్టి పూర్వచరిత్ర యున్నది.

గుర్తించుటకు చూడవలసిన లక్షణములు కొన్నియే. రెక్క దేహమునకు పైనున్నదా, క్రిందనున్నదా? యంత్రములెన్ని? రెక్క అంచు సూటిగా ఉన్నదా, వెనుకకు వాలినదా, ఆకువలె గుండ్రముగా ఉన్నదా? తోక ఒకటా, రెండా? చక్రములు లోనికి ముడుచుకొన్నవా? నాగార్జునసాగరు వద్ద చిన్న విమానముల మైదానమొకటి ఉన్నది. అక్కడ శిక్షణకు వాడిన సెస్నాల రెక్క నెత్తిమీది గొడుగు వలె పైన నుండును. ఆ జాతి విమానమొకటి 2022 ఫిబ్రవరిలో నల్లగొండ జిల్లా పొలములలో కూలి, నడుపుచున్న శిక్షార్థి మరణించిన దుర్వార్తను చాలమంది ఎరుగుదురు. కంటికి తోడు చెవియు కావలెను. ధ్వనితోనే బ్రతుకు వెళ్లబుచ్చు రేడియోవారము గనుక మేము చెవినే ముందు నమ్ముదుము. రెండు యంత్రముల డకోటా నిదానముగా, బరువుగా, అలలు అలలుగా మ్రోగును. ఒంటి యంత్రపు యుద్ధవిమానము తలమీదికి వచ్చువరకు వినబడదు, వినబడునప్పటికి దాటిపోవును.

ఇక ఈ కన్నును చెవిని వెనుకటి కాలమునకు త్రిప్పుదము.

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీనుండి బొంబాయికి టపా తెచ్చెను. బొంబాయినుండి నెవిల్ వింటుసెంటు దానిని బళ్లారి మీదుగా మద్రాసునకు కొనిపోయెను. ఆ బాట కృష్ణకు చాల దక్షిణమున సాగినది గనుక మన పల్లెలవారు దానిని చూచి యుండరు. అటుపిమ్మట హైదరాబాదు మజిలీయైన తరువాతనే మన ఆకాశమున దారి పడినది. పాఠకులు భారతదేశపటమును, ఒక అడ్డబద్దను తీసికొని హైదరాబాదునుండి మద్రాసునకు గీత గీయుడు. అది కల్వకుర్తికిని దేవరకొండకును మధ్యగా, సరిగా ఈ రెండు జిల్లాల పొత్తుపొలిమేర మీదుగా దిగి నల్లమలలో ప్రవేశించును. హైదరాబాదునుండి బెంగుళూరునకు గీసిన గీత ఇంచుమించు నాగర్‌కర్నూలు నెత్తిమీదుగా పోవును. రైలుబండి ఎరుగని ఊళ్లకు విమానపు చప్పుడు పరిచయమైనదన్నచో కారణమిదియే.

ఈ గీతల మీద ఎగిరిన ప్రధాన విమానము డకోటా. నైజాము ప్రభుత్వమును టాటావారును కలిసి 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థను నెలకొల్పిరి. మరుసటి సంవత్సరమున దాని విమానములు తిరుగ నారంభించెను. ఇతర సంస్థలు స్త్రీ యని నిరాకరించిన ప్రేమ్ మాథుర్‌కు విమానచాలకురాలిగా తొలి అవకాశమిచ్చినది ఈ హైదరాబాదు సంస్థయే. భారతదేశమున ఆ వృత్తిలో ప్రవేశించిన ప్రథమ మహిళ ఆమె. 1953 ఆగస్టు 1న ఈ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్సులో లీనమైనది. డకోటా పుట్టుక 1935 నాటిది. తొంబదియైదు అడుగుల రెక్క, దాని మీద రెండు యంత్రములు, నేలమీద నిలిచినప్పుడు ముక్కు పైకెత్తి తోక నేలకానించి కూర్చున్న ఎద్దువంటి భంగిమ దీని గుర్తులు. యుద్ధము ముగియగానే వేలకొలది డకోటాలు మిగిలిపోయి చౌకగా దొరకినవి. దేశమందలి కొత్త విమానసంస్థలన్నియు వాని మీదనే లేచి నిలిచినవి.

సూర్యాపేటవారికి మరియొక గీత ఉన్నది. 1949 జనవరి ఆఖరున రాత్రి టపా విమానములు మొదలైనవి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములనుండి నాలుగు విమానములు రాత్రివేళ బయలుదేరి నాగపురమున కలిసికొని, సంచులు మార్చుకొని, తెల్లవారులోపల ఇండ్లు చేరుకొనెడివి. మామూలు ఉత్తరము మరునాటికి దేశపు ఆ కొననుండి ఈ కొనకు చేరుట అప్పటి ప్రపంచమున అబ్బురమైన సంగతి. మద్రాసు, నాగపురములకు గీత గీచినచో అది దాదాపు సూర్యాపేట మీదుగానే పోవును. అంతేకాదు, సూర్యాపేట ఆ దారికి ఇంచుమించు నడిమధ్యన ఉన్నది. అంటే ఒక్క రాత్రిలో పోవు చప్పుడొకటి, తిరిగివచ్చు చప్పుడొకటి. ఆ సంవత్సరమున నల్లగొండ జిల్లా ఎట్టి స్థితిలో నుండెనో స్మరింపుడు. రైతాంగ సాయుధపోరాటము నడుచుచున్నది, గ్రామములలో సైనికశిబిరములున్నవి, దళములు గుట్టలలో తలదాచుకొనుచున్నవి. అర్ధరాత్రి ఆకాశమున వినబడిన యంత్రధ్వని తమను వెదకుచున్నదని ఎందరు గుండెలు చిక్కబట్టుకొనిరో! దానిలో నున్నవి పెండ్లిశుభలేఖలు, వ్యాపారపు జాబులు, పరీక్షాఫలితములు.

భయపడుటకు వారికి కారణము లేకపోలేదు. అంతకు నాలుగు మాసముల క్రిందటనే వారు వేరొక జాతి గాలిమోటరును చూచియుండిరి.

1948 సెప్టెంబరు 13న భారతసేనలు హైదరాబాదు రాజ్యమున ప్రవేశించినవి. తూర్పుదళము బెజవాడనుండి హైదరాబాదు రాదారి పట్టి వచ్చెను. సూర్యాపేట దాపున ట్యాంకులను నిలువరించు కందకము, గుట్టలమీదినుండి కాల్పులు దానికి అడ్డుపడినవి. గూర్ఖా పటాలము ఆ గుట్టలను పట్టుకొనెను. పట్టణపు రక్షణస్థానములను చెదరగొట్టినది మాత్రము విమానదాడియే. వెనుదీసిన నైజాము సేన మూసీ వంతెనను కూల్చెను గాని దానికి కాపుదల ఉంచలేదు. వంతెన త్వరలోనే బాగుపడెను. నార్కెట్‌పల్లి కడ రజాకారుల దళమొకటి నాశనమైనది. అయిదు దినములలో కార్యము ముగిసినది.

ఈ దండయాత్రలో భారతవాయుసేన వాడిన యుద్ధవిమానము టెంపెస్టు. ఒకే మనిషి, ఒకే యంత్రము. ఆ యంత్రమున పదునెనిమిది సిలిండర్లు, రెండువేల అయిదువందల గుఱ్ఱముల బలము. రెక్కలలో నాలుగు ఫిరంగులు. గంటకు నాలుగువందల మైళ్లు మించిన వేగము. రెక్కల కొనలు మోదుగాకు వలె గుండ్రముగా తిరిగియుండును. డకోటాతో దీనిని పోల్చి కలవరపడుట గ్రద్దకును బాతునకును భేదము తెలియకుండుట వంటిది. కాని గ్రద్ద యనియు బాతు అనియు రెండు మాటలున్నవానికే ఆ భేదము చెప్పుట సాధ్యమగును. మనవారికున్నది గాలిమోటరు అను ఒక్క మాట. కావుననే ఆనాటి జ్ఞాపకములను సేకరించువారు “విమానము వచ్చినదా?” అని అడిగి ఊరకొనరాదు. “చప్పుడు ముందు వచ్చెనా, విమానము ముందు వచ్చెనా? రెక్కల మీద గుండ్రని డబ్బాలవంటివి రెండు కనబడెనా, ముక్కుకడ ఒకటే కనబడెనా? నిదానముగా తిరిగెనా, దూసుకొనిపోయెనా?” అని అడుగవలయును. ఆ దినములలో వాయుసేన డకోటాలును ఎగిరినవి గనుక రెండును చూచినవారుందురు. ఆనాటి పదేండ్ల పిల్లలకు నేడు తొంబది ఏండ్లకు ప్రాయము సమీపించినది. చేతిలో రెండు నమూనాలు, ఒక టెంపెస్టు, ఒక డకోటా, ఉంచుకొని అడిగినచో మాటలలో చెప్పలేనిది వ్రేలితో చూపుదురు. నమూనావిమానము చరిత్రకారునికి ఇట్లు పనిముట్టగును. యుద్ధకాలపు ఇంగ్లండులో దానిచేత ఏ పని చేయించిరో ఆ పనియే ఇది, త్రిప్పి వేసినది.

అదే సంవత్సరము రాత్రులందు బీదరు, వరంగల్లు మైదానములలో దిగిన నాలుగు యంత్రముల లాంకాస్ట్రియన్ విమానముల ముచ్చటయు ఉన్నది. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి నైజాము కొరకు ఆయుధములు తెచ్చెను. దీనికై అతనికి తరువాత ఇంగ్లండులో పడిన జుల్మానా రెండువందల పౌనులు మాత్రమే! ఆ కథ మన జిల్లాల మీద జరిగినది కాదు గనుక ఇక్కడ విస్తరింపము.

ఆకాశమున చూచిన విమానములు సరే, ఈ నేలతో సంబంధముండియు ఈ నేలవారు ఎన్నడును చూడని విమానమొకటి ఉన్నది. అది నేటికిని లండనులోని రాజకీయ వాయుసేన ప్రదర్శనశాలలో నిలిచియున్నది. మొదటి ప్రపంచయుద్ధపు చివరి సంవత్సరమున నైజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిషువారి 110వ స్క్వాడ్రనునకు డీ హావిలండు 9ఏ జాతి విమానములను కానుకగా ఇచ్చెను. ఆ స్క్వాడ్రనునకు హైదరాబాదు స్క్వాడ్రనను పేరు వచ్చెను. వారి చిహ్నమున పెద్దపులి చేరెను. రెండు రెక్కల దొంతర, ఇద్దరు మనుషులు, నాలుగువందల గుఱ్ఱముల లిబర్టీ యంత్రము గల బాంబర్లవి. ఒక్కొక్కదాని దేహము ప్రక్కన ఇది నైజాము కానుక యని ఇంగ్లీషున వ్రాయబడెను. 1918 సెప్టెంబరున ఆ దళము ఫ్రాన్సు చేరి జర్మనీ పట్టణముల మీద దాడులు సాగించెను. ఎఫ్ 1010 అను సంఖ్య గల విమానము అక్టోబరు 5న తిరిగిరాలేదు. దానిలోని ఇద్దరును బందీలైరి. విమానము శత్రువుల చేత చిక్కినది.

చిక్కుటచేతనే అది బ్రతికినది. మిగిలినవి విరిగి, చివికి, పాతయినుమై పోయినవి. ఇది విజయచిహ్నముగా బెర్లినులోని ప్రదర్శనశాలకెక్కెను. రెండవ యుద్ధమున బాంబుల భయముచే దానిని తూర్పునకు తరలించిరి. యుద్ధానంతరము అది పోలండు పాలయ్యెను. 1977లో ఇంగ్లండువారు తమ స్పిట్‌ఫైరు నొకదానిని పోలండున కిచ్చి దీనిని మార్చుకొని, ఎంతో శ్రమించి పునరుద్ధరించిరి. ఆ శాలలోనే భారతవాయుసేనలో పనిచేసి మరల ఇంగ్లండు చేరిన టెంపెస్టు నొకదానిని కూడ చూడవచ్చును. హైదరాబాదు పేరు మోసిన విమానమును, హైదరాబాదు రాజ్యమును ముగించిన జాతి విమానమును ఒక్క కప్పు క్రింద నిలుచుట కాలచక్రపు చమత్కారము.

ఎఫ్ 1010ని గూర్చి వ్రాయువారెల్లరును నైజాము ఔదార్యమును పేర్కొందురు. ఇక్కడ మేము కొంచెము ఆగుదుము. హైదరాబాదు రాజ్యపు ఖజానాకు ప్రధానమైన రాబడి భూమిశిస్తు. దివానీయైనను, నవాబుగారి స్వంతమగు సర్ఫేఖాసు అయినను, వానికి ఆధారము చెలకలు దున్ను రైతే. 1918లో దక్కనున వానలు తప్పినవి. ఆ ఏడే విషజ్వరము ఇంటింట పీనుగులను లేపినది. పాలమూరు కూలివాడు పని వెదకుచు ఊళ్లు పట్టిపోవుట నిన్న మొన్నటి సంగతి కాదు. ఆ సంవత్సరమున జర్మనీ మీద ఎగిరిన విమానముల వెలలో వీరి శిస్తును కలదు. దేహము ప్రక్కన వ్రాసిన పేరు మాత్రము ఒక్కరిదే. ఔదార్యము లెక్కింపదగినదే, కాని లెక్కలో రెండు పద్దులున్నవని మా అభిప్రాయము. రెండవ యుద్ధమునను ఇట్లే 152వ, 253వ స్క్వాడ్రనులు హైదరాబాదు పేరు ధరించెను. మొదటిది స్పిట్‌ఫైర్లతోను, రెండవది హరికేనులతోను 1940 నాటి బ్రిటను యుద్ధమున పోరాడెను. 152వ దాని చిహ్నము నైజాము తలపాగా, నినాదము ఆయన బిరుదమైన “విశ్వాసపాత్ర మిత్రుడు” అనునది.

ఈ విమానములను మన పిల్లలకు చూపుట యెట్లు? టెంపెస్టును చూచుటకు ఢిల్లీలోని పాలం ప్రదర్శనశాలకు పోవలయును. ఎగురుచున్న డకోటాను చూడవలెనన్నచో వాయుసేనవారు 2018లో చేర్చుకొన్న “పరశురామ” అను పాత విమానమొకటి ఉన్నది. రెండేండ్లకొకసారి బేగంపేటలో జరుగు వైమానిక ప్రదర్శనమున కొత్త విమానములే ప్రధానము. కావున చేతితో చేసికొనుటయే మార్గము. నేషనల్ కేడెట్ కోరు వాయువిభాగము 1950లో ఆరంభమైనది. దానిలో నమూనావిమాన నిర్మాణము నేటికిని ఒక పాఠ్యవిషయముగా ఉన్నది. బల్లమీద ఉంచు బొమ్మ వేరు, ఎగురు బొమ్మ వేరు. ఎగురు బొమ్మ విద్యకు ఆద్యుడు ఫ్రాన్సు దేశీయుడగు అల్ఫోన్సు పెనో. 1871లో అతడు మెలిత్రిప్పిన రబ్బరు బలముతో ఒక చిన్న విమానమును పారిసు ఉద్యానమున పదకొండు సెకనులు ఎగురవేసెను. అతని రబ్బరు బొమ్మ నొకదానిని తండ్రి కొనితేగా ఆడుకొన్న బాలురే రైటు సోదరులు.

పెద్ద విమానమును సమముగా కుదించినచో చిన్న విమానము ఎగురదు. ఇది మొదట తెలిసికొనవలసిన రహస్యము. డకోటాను ఇరువదినాలుగవ వంతున చేయుదమన్నచో రెక్క నాలుగడుగులకు అరంగుళము తక్కువ. రెక్క వైశాల్యము ఇరువదినాలుగును ఇరువదినాలుగుతో హెచ్చించగా వచ్చిన సంఖ్యచే తగ్గును. బరువు మరల ఒకసారి ఇరువదినాలుగుచే తగ్గును. లెక్క వేయగా పదకొండున్నర టన్నుల డకోటా ఎనిమిదివందల ముప్పది గ్రాములగును. ఇంత బరువును రబ్బరు మోయజాలదు. పావుకిలోకు మించకుండ చేయవలయును. అప్పుడది సైకిలును గట్టిగా త్రొక్కు కుర్రవాని వేగముతో, చూచువారికి తృప్తిగా, నిజమైన డకోటా ఠీవితో ఎగురును. రెక్కలను నిజమునకంటె కొంచెము పైకి వంచుట, తోకను కొంచెము పెద్దది చేయుట, బరువుకేంద్రము రెక్క ముందుభాగమున పడునట్లు ముక్కున సీసపుముక్క నుంచుట తప్పని అపచారములు. కొలతలకు కట్టుబడిన శాస్త్రవాదులు వీనికి కోపగింతురు. గాలి మాత్రము కోపగింపదు.

సామగ్రికి ఇతరదేశములవారు బాల్సా కర్ర వాడుదురు. అది దక్షిణ అమెరికా చెట్టు, ఇక్కడ వెల యెక్కువ. మనకు వెదురుబద్దలున్నవి, సంక్రాంతి గాలిపటముల కాగితమున్నది, పెండ్లి బాసికములకు వాడు జీలుగబెండు ఉన్నది. ఈ బెండు పట్టుకొన్నచో బరువే తెలియదు. వంపులు తిరిగిన ముక్కుభాగములకు ఇది తగును. ఎగురని నమూనాలకు నిర్మల బొమ్మలు చేయు పొనికి కర్రను మించినది లేదు. పల్లె వృద్ధుల ముందుంచవలసిన టెంపెస్టు, డకోటాలను దానితోనే చేయవచ్చును. ఎగురవేయుటకు కోతల పిమ్మటి చెలకను మించిన మైదానము లేదు. తెల్లవారుజామున గాలి లేచుటకు ముందు ఎగురవేయవలయును.

ఎఫ్ 1010ని చేయదలచినవారికి పన్నెండవ వంతు అనుకూలము. రెక్క నలుబదియారు అంగుళములగును. రెండు దొంతరల రెక్కలు గనుక వాని నడుమ నిలుపు కర్రలు, బిగింపు తీగలు ఓపికను పరీక్షించును. రంగు మట్టి కలిసిన ఆకుపచ్చ. అన్నియు ముగిసిన తరువాత దేహము ప్రక్కన కానుక అక్షరములు మిగులును. పెద్ద విమానముపై రెండంగుళములుండు అక్షరము ఈ కొలతలో కందిగింజంత అగును. సన్నని కుంచె తీసికొని, చేయి బల్లకానించి, ఒక్కొక్క అక్షరమే వ్రాయవలయును.